కోనసీమలో సోలార్ వ్యాపారం: ముందు నీడ, తర్వాత తుప్పు

అమలాపురం, రాజోలు వైపు సోలార్ బిగించే వ్యాపారం పెట్టేవాళ్లు ప్యానెల్ ధర కంటే ముందు కొబ్బరిచెట్ల నీడ చూసుకోవాలి. ప్యానెల్లో సెల్స్ వరసగా కలిపి ఉంటాయి. ఒక్క మట్ట నీడ రెండు మూడు సెల్స్ మీద పడినా, బైపాస్ డయోడ్ (నీడ పడ్డ సెల్స్‌ని తప్పించి కరెంటును పక్కదారిన పంపే చిన్న భాగం) ఆ ప్యానెల్లో మూడో వంతును పక్కన పెట్టేయగలదు. అందుకే ఉదయం 9కి, మధ్యాహ్నం 12కి, 3కి డాబా ఎక్కి నీడ అంచున సుద్దతో గీత గీయండి. డిసెంబరులో ఆ నీడ ఇంకా సాగుతుంది. దక్షిణం పక్క చెట్టుంటే ఆ లెక్కా వేయాలి. ప్యానెళ్లు దక్షిణముఖంగా, 15 డిగ్రీల వాలులో ఉంటే చాలు.

అంతర్వేది దాకా వెళ్తే అసలు శత్రువు ఉప్పుగాలి. అక్కడ వట్టి పెయింటేసిన ఇనుప స్టాండ్ దండగ. హాట్ డిప్ గాల్వనైజ్డ్‌దే, అంటే కరిగిన జింకులో ముంచి పూత వేసినదే తీసుకోండి. సైట్లో కోసినచోట, కన్నం వేసినచోట జింకు పొర పోతుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. వెంటనే జింక్ రిచ్ పెయింట్ పూయాలి. నట్లు, బోల్టులు 316 గ్రేడు (ఉప్పుగాలికి బాగా తట్టుకునే రకం) స్టెయిన్‌లెస్ స్టీలువి వాడండి. రాగి ఎర్త్ తీగను అల్యూమినియం ఫ్రేముకి నేరుగా బిగించొద్దు. ఉప్పు తడి తగిలితే ఆ జాయింటు దగ్గర అల్యూమినియాన్ని తుప్పు తినేస్తుంది. మధ్యలో టిన్ పూత లగ్గు (తీగ చివర బిగించే లోహపు ముక్క) పెట్టాలి.

కొనేవాళ్లకి లెక్క దాచకుండా చెప్పండి: 3 కిలోవాట్లకి రోజుకి సగటున 12 యూనిట్లు, ముసురు పట్టిన రోజుల్లో బాగా తక్కువ. ఇళ్ల మీద సోలార్‌కి కేంద్రం 2024లో మొదలుపెట్టిన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకి వచ్చే 78,000 రూపాయల రాయితీ నెట్ మీటర్ (గ్రిడ్‌కి పంపిన కరెంటునూ, వాడుకున్నదాన్నీ లెక్కగట్టే మీటర్) పెట్టాక ఇంటాయన ఖాతాలో పడుతుంది, మీ ఖాతాలో కాదు. పెట్టుబడి అక్కడే ఇరుక్కుంటుంది. సామాను దించకముందే ఎవరు ఎంత, ఎప్పుడు ఇవ్వాలో కాగితం మీద రాసుకోండి.