నొప్పి లేదుగా, మరి టెన్షన్ ఎందుకు?

పాపకి 11వ నెలలో వీపు మీద, చేతుల మీద సన్నని పొక్కులు లేచాయి. పెద్ద ఎరుపు కూడా కాదు. ఒంటి రంగు కంటే కాస్త ముదురుగా, నిమిరితే ఇసుక అంటుకున్నట్టు గరుగ్గా తగిలేవి. జ్వరం లేదు. ఎగ్జిమా అన్నారు, క్రీము రాసిచ్చారు. పూస్తే తగ్గేవి, మానేస్తే వచ్చేవి.

రెండేళ్లు దాటాక మణికట్లు, చీలమండలు ఉబ్బాయి. స్నానం చేయిస్తుంటే మెత్తగా, లోపల నీళ్లు నిండినట్టు తగిలాయి. నాకు గుండె ఝల్లుమంది. తనేమో ఆ చేతులతోనే మంచం ఎక్కి దూకుతోంది. డాక్టరు మణికట్టు ఒకసారి నొక్కి చూసి, "నొప్పి లేదంటోంది కదమ్మా, మరి మీకెందుకు టెన్షన్?" అన్నారు. ఆ మాట నమ్మి ఇంటికొచ్చేశాను. ఎనిమిది నెలలు ఊరుకున్నాను. ఆ ఎనిమిది నెలలు ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటాయి.

తర్వాత ఆ రాత్రి వచ్చింది. పడుకోబోతూ పాప పైకి చూసి, "అమ్మా, లైటు చుట్టూ పొగ" అంది. పొగ ఎక్కడా లేదు. కళ్లు ఎర్రగా లేవు, నీరు కారడం లేదు. ఆటలా ఒక కన్ను అరచేత్తో మూసి ఎన్ని వేళ్లని అడిగాను. కుడి కంటితో టకటకా చెప్పింది. ఎడమ కంటి దగ్గరికొచ్చేసరికి కాసేపు ఆగి "రెండు" అంది. నేనింకా చెయ్యి ఎత్తనే లేదు.

తను నిద్రపోయాక టార్చి వేసి రెప్ప ఎత్తి చూద్దామనుకున్నాను. చెయ్యి వణికి మానేశాను. ఎప్పుడు తెల్లవారుతుందా అని మా ఆయనా నేనూ గోడకి ఆనుకుని కూర్చున్నాం.

పొద్దున్నే కంటి డాక్టరు స్లిట్ ల్యాంపుతో, అంటే కంటి లోపలిదాకా పెద్దగా చూపించే మిషనుతో చూశారు. రెండు కళ్లలోనూ యువియైటిస్, అంటే కంటి లోపలి పొరల్లో వాపు. ఎడమ కంట్లో ఐరిస్, అంటే కనుపాప చుట్టూ ఉండే రంగు పొర, వెనకున్న లెన్సుకి అతుక్కుపోయి, కనుపాప గుండ్రంగా లేకుండా ఒక పక్క నొక్కుకుపోయింది. ఆవిడ నన్నేమీ అనలేదు. "ఈ పొక్కులు, ఈ వాపులు, కళ్లు ఎవరైనా కలిపి చూశారా?" అని మాత్రం అడిగారు. ఆ ఒక్క ప్రశ్నకి ఆవిడకి జన్మంతా రుణపడి ఉంటాను.

చర్మం ముక్క తీసి పరీక్షిస్తే గ్రాన్యులోమాలు, అంటే వాపు కణాలు గుమిగూడి కట్టిన చిన్న చిన్న గడ్డలు కనిపించాయి. మొదట టీబీ ఏమో అనుకున్నారు, కాదని తేలింది. సార్కాయిడోసిస్ అన్నారు, ఒంట్లో పలుచోట్ల ఇలాంటి గడ్డలు కట్టే జబ్బు. పెద్దవాళ్లలో ఎక్కువగా ఊపిరితిత్తులకి, ఛాతీలోని లింఫు గ్రంథులకి వస్తుందట. ఐదేళ్లలోపు పిల్లల్లో మాత్రం ప్రధానంగా చర్మం, కీళ్లు, కళ్లు. ఛాతీ ఎక్స్‌రే బాగుందని ధైర్యపడటానికి లేదు. జన్యు పరీక్షలో నాడ్2 అనే జన్యువులో మార్పు దొరికింది. కుటుంబంలో వస్తే ఇదే జబ్బుని బ్లావ్ సిండ్రోమ్ అంటారు. మా ఇద్దరిలో ఆ మార్పు లేదు, పాపలోనే కొత్తగా వచ్చింది. "కడుపుతో ఉన్నప్పుడు ఏం మందులు మింగావో" అన్న బంధువు మాట అప్పటిదాకా మోస్తూనే ఉన్నాను. ఆ రిపోర్టు పట్టుకుని తలుపేసుకుని ఏడ్చాను. అయితే రేపు తనకి పుట్టే ప్రతి బిడ్డకీ ఇది వచ్చే అవకాశం సగానికి సగం. ఆ సంగతి తనకి ఎప్పుడు, ఎలా చెప్పాలో ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాం.

కంట్లో చుక్కలు, స్టెరాయిడ్, తర్వాత మెథోట్రెక్సేట్, అదీ చాలకపోతే అడాలిముమాబ్ ఇంజెక్షన్. ఈ రెండూ రోగనిరోధక శక్తి జోరు తగ్గించే మందులు. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే. రోజూ వేస్తే ప్రాణాల మీదికి వస్తుంది. అందుకే మా ఇంట్లో ఆదివారం తప్ప ఆ డబ్బా బీరువా దాటదు. స్టెరాయిడ్ మీ అంతట మీరు ఆపకండి. టీకా ఏది వేయించాలన్నా ముందు ఈ మందులు రాసిన డాక్టరునే అడగండి. పిల్లలకి మానని పొక్కులు, నొప్పి లేని కీళ్ల వాపు రెండూ ఉంటే, కన్ను ఎర్రబడలేదని ఆగకుండా స్లిట్ ల్యాంపుతో చూపించండి. ఎవరు విసుక్కున్నా సరే.

ఇప్పుడు పాపకి 6 ఏళ్లు. ఎడమ కంటి చూపు పూర్తిగా తిరిగి రాలేదు. ఉన్నది నిలిచింది, అది ఆ భగవంతుడి దయే అనుకుంటాను. పోయినసారి మిషన్ ముందు స్టూలెక్కి గడ్డం తనే ఆనించుకుంది. డాక్టరు చాలాసేపు చూసి, "రెండు కళ్లలోనూ సెల్స్ లేవు" అన్నారు, అంటే వాపుని తెలిపే కణాలు లేవని. మళ్లీ మూడు నెలలకి రమ్మన్నారు.