పది గుంటల్లో జుకినీ: ఈ యాసంగి లెక్కలు

మా చెల్క రంగారెడ్డి జిల్లా చేవెళ్ల దగ్గర. ఎర్రనేల, ఒకటే బోరు. నేను పాఠాలు చెప్పే బడి తొమ్మిదింటికి కాబట్టి నా వ్యవసాయమంతా తెల్లవారుజామునే సాగాలి. ఈ యాసంగికి పది గుంటల్లో, అంటే పావు ఎకరంలో, జుకినీ పెట్టాను. చూడ్డానికి కీరాలా ఉండే గుమ్మడి జాతి కూరగాయ ఇది. పందిరి ఖర్చు లేదు, ఇది తీగ పారదు, ఒక్కచోటే గుబురుగా పెరుగుతుంది. విత్తిన యాభై రోజుల్లోపే కోతకొస్తుంది. పండించడం పెద్ద విద్యేం కాదు. కాకపోతే పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా ఎవరో ఒకరు చేన్లో ఉండాల్సిందే. వారానికోసారి హైదరాబాద్ నుంచి వచ్చి చూసుకునేవాళ్లు దీని జోలికి పోకుండా బీరో సొరో పెట్టుకుంటే మేలు.

అక్టోబరు

వానలు వెనకబట్టాక రెండుసార్లు దున్ని, మాగిన పశువుల ఎరువులో వేపపిండి, ట్రైకోడెర్మా (కుళ్లు తెగుళ్లను ఆపే మేలుచేసే శిలీంద్రం) కలిపి చల్లించాను. బోదెకూ బోదెకూ మధ్య 5 అడుగులు, మొక్కకూ మొక్కకూ 2 అడుగులు. పది గుంటలకు వెయ్యి మొక్కల చిల్లర లెక్క తేలింది. గట్లు, బాటలు పోను వెయ్యి లోపే నిలిచాయి. బోదెల మీద కప్పే ప్లాస్టిక్ మల్చింగ్ షీటు 400 మీటర్ల రోల్స్ రెండు పట్టాయి. 25 మైక్రాన్లది, ఒకవైపు వెండిరంగు, ఒకవైపు నలుపు. వెండిరంగు పైకి ఉండాలి. ఆ మెరుపుకు తెల్లదోమ, పేనుబంక వాలడం తగ్గుతుంది. షీటు పరిచేముందే డ్రిప్పు లైను వేసి, నీళ్లు వదిలి, ప్రతి రంధ్రమూ కారుతోందో లేదో చూసుకోవాలి. షీటు కిందికి పోయాక వెతకడం నరకం.

ఈ హైబ్రిడ్ విత్తనాలు లెక్కపెట్టి అమ్ముతారు, కాబట్టి షీటు రంధ్రానికి రెండేసి వేసే అలవాటు ఇక్కడ పనికిరాదు. రంధ్రానికి ఒకటి, అంగుళం లోతు. విత్తిన రోజే ఒక ప్రోట్రేలో (నారు పెంచే గళ్ల ట్రే) కూడా కొన్ని వేసిపెట్టాను. ఉడతలు, ఎలుకలు తవ్వుకుపోయిన చోట పూడ్చడానికి అవే అక్కరకొచ్చాయి. ట్రేలో మొక్కను రెండు అసలు ఆకులు రాగానే నాటెయ్యాలి. ముదిరితే వేరు కదిలి, కోలుకోవడానికే వారం తింటుంది.

చేను చుట్టూ రెండు సాళ్లు మొక్కజొన్న, గట్ల మీద బంతి. మొక్కజొన్న పేనుబంకకు అడ్డుగోడ, బంతి తేనెటీగల కోసం.

నవంబరు మొదట్లో

మొలక రెండాకుల దశలో గుమ్మడి పెంకుపురుగు దిగింది. నారింజ ఎరుపులో మెరుస్తూ, ఆకుకు గుండ్రటి చిల్లులు పెట్టేది. పెద్దమొక్కను ఏం చెయ్యలేదు గానీ మొలకను ఒక్కరోజులో మోడు చేస్తుంది. పొద్దునే మంచుకు రెక్కలు తడిసి మందకొడిగా ఉన్నప్పుడు ఏరి సబ్బునీళ్లలో వేయించాను. పది గుంటలకు ఇది సాధ్యమే. ఎకరాలకు ఎకరాలు పెట్టినవాళ్లకు మందు తప్పదు.

నీళ్లు రోజూ అరగంట, ఎండ ముదిరితే ముప్పావుగంట. మొదలు దగ్గర తడి నిలిస్తే మొక్క కుళ్లి ఒరిగిపోతుంది. ఎరువులు డ్రిప్పులోనే. మొదట 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ పాళ్లు), పూత నుంచి 13:0:45, మధ్యమధ్యలో కాల్షియం నైట్రేట్. ఈ చివరిదాన్ని భాస్వరం ఉన్న దేనితోనూ ఒకే డ్రమ్ములో కలపొద్దు. తెల్లగా మడ్డికట్టి డ్రిప్పర్లు మూసుకుపోతాయి.

నవంబరు చివర

పూత మొదలైంది. పక్క చెల్క కాక వచ్చి అరగంట చూసి, "గింత పూత పూసింది గని ఒక్క పిందె గూడ లేదేంది పంతులూ? ఇత్తనం గిట్ల మోసం జేసిండా?" అన్నాడు. మోసమేం లేదు, ఈ జాతిలో మగపూలు ముందొస్తాయి. సన్నటి పొడుగు కాడ మీద నిలబడి ఉండేది మగపువ్వు. పొట్టి కాడ మీద, పువ్వు కింద వేలెడు కాయ అప్పటికే ఉంటే అది ఆడపువ్వు. వారం తర్వాత కాకను పిలిచి ఆడపువ్వులు చూపించాను.

డబ్బంతా ఇక్కడే ఉంది. పువ్వు తెల్లవారుతూనే విచ్చుకుంటుంది, ఎండెక్కేసరికి ముడుచుకుంటుంది, మళ్లీ తెరవదు. ఆ కాసేపట్లో తేనెటీగ ఒక్కసారి కాదు, చాలాసార్లు వాలితేనే కాయ నిండుగా వస్తుంది. పుప్పొడి బరువైనది, జిగట, గాలికి ఎగరదు. సరిగా అందకపోతే కాయ మొదలు దగ్గర లావుగా, కొన దగ్గర సన్నగా తయారై, పసుపుపచ్చగా మారి కొన నుంచి కుళ్లుతుంది. చాలామంది దాన్ని తెగులు అనుకుని శిలీంద్రపు మందు కొడతారు. డబ్బు దండగ.

మబ్బు పట్టిన రోజుల్లో తేనెటీగలు రావు. అప్పుడు చేత్తోనే. మగపువ్వును కోసి, రేకులు వెనక్కి ఒలిచేస్తే మధ్యలో పసుపు పొడి అద్దిన కడ్డీ ఒకటి మిగులుతుంది. ఆడపువ్వు లోపల కీలాగ్రం పాయలు పాయలుగా, తడిగా మెరుస్తూ ఉంటుంది. అన్ని పాయలకూ అంటేలా కడ్డీని మెల్లగా తిప్పాలి. ఒకవైపే అంటితే కాయ వంకర తిరుగుతుంది. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపువ్వులకు సరిపోతుంది. బడి టైముకు చొక్కా చేతులనిండా పసుపే. పిల్లలు పెళ్లికొడుకు వచ్చాడని నవ్వుకున్నారు.

అందుకే పూత మొదలయ్యాక మందు ఏదైనా సాయంత్రం పూలు ముడుచుకున్నాకే కొట్టించాను. తేనెటీగలను చంపే ఇమిడాక్లోప్రిడ్ లాంటి పురుగుమందులు పూత దశలో అసలు ముట్టుకోలేదు. తెల్లదోమకు పసుపు జిగురు అట్టలు, వేపనూనెతో సరిపెట్టాను.

డిసెంబరు

కోత. ఆరేడు అంగుళాల పొడవు, కాయ ఒక్కొక్కటి దాదాపు 200 గ్రాములు. బజారు అడిగేది ఇదే. పువ్వు విచ్చిన నాలుగైదు రోజులకు ఈ సైజు వస్తుంది, రాత్రి చలి ఎక్కువైతే ఇంకో రెండు రోజులు. ఒక్కరోజు ఆగితే జానెడు కాయ మూరెడవుతుంది, ధర సగమవుతుంది. పైగా చెట్టు మీద ముదురుకాయ ఉంటే కొత్త పిందెలు రావడం తగ్గిపోతుంది. అందుకని అమ్ముడుపోకపోయినా సరే, పెద్దకాయను కోసి పారెయ్యడమే.

కోతకు వచ్చే అక్క ఒకరోజు ఆకుల కింద నుంచి సొరకాయంత కాయ లాగి చూపించింది. "ఇది ఎప్పుడు పెరిగింది సారూ, నిన్ననే గద ఈ సాలు ఏరిన!" ఆకులు పెద్దవి, గొడుగుల్లా కప్పేస్తాయి. ప్రతి మొక్కనూ చేత్తో విప్పి చూడాలి. ఆ ఆకు కాడలకు నూగుముళ్లు ఉంటాయి, చేతులు చీరుకుపోతాయి. పొడుగు చేతుల పాత చొక్కాలు, గ్లవుజులు కొనిచ్చాను. చేతులకే కాదు, కాయకూ ఆ ముళ్లే శత్రువు. చేన్లో కనపడని గీత, బజారు చేరేసరికి గోధుమరంగు చారికగా తేలుతుంది. పసుపు రకంలో మరీను. అందుకే ఆకుపచ్చదే ఎక్కువ పెట్టాను, పసుపుది కొన్ని సాళ్లే.

కత్తితో అంగుళం కాడ ఉంచి కోయించాను. తిప్పి తెంపితే తొక్క చీలుతుంది. కడగలేదు, పొడిబట్టతో తుడిచి, క్రేటులో న్యూస్‌పేపరు పరిచి, మూడు వరసలకు మించకుండా పేర్చాం. ఫ్రిజ్‌లో బాగా చల్లగా పెడితే తొక్క మీద గుంటలు పడతాయి. ఏ రోజు సరుకు ఆ రోజే పోవాలి.

ఊరి నుంచి రాత్రి బయల్దేరే కూరగాయల ఆటోలో సిటీలోని బోయిన్‌పల్లి మార్కెట్‌కు పంపాను. కమీషను, హమాలీ, కిరాయి పోను చేతికొచ్చేది కిలోకు ఒకరోజు 15, ఒకరోజు 45. మధ్యలో ఏదైనా రావచ్చు. ఇది టమాటాలా ప్రతి ఇంట్లో వండేది కాదు, కొనేవాళ్లు తక్కువ. పది మంది రైతులు ఒకే రోజు తెస్తే ధర కూలుతుంది. నాకు నికరంగా గిట్టింది శంకర్‌పల్లి వైపు అపార్ట్‌మెంట్లలో వారానికి రెండుసార్లు ముందే ఆర్డరు పెట్టిన ఇళ్లకు ఇచ్చినదే. వాళ్లకు వంకర కాయ కూడా పరవాలేదు, తాజాగా ఉంటే చాలు. ముదిరిన కాయల్లో గింజ తీసేసి శనగపప్పు వేసి కూర చేసుకున్నాం, పచ్చడికీ బాగుంది. మిగిలినవి బర్రెకు.

జనవరి

ఫోన్లో ఫొటోలు పంపి "బూడిద తెగులా?" అని అడిగేవాళ్ల కోసం: ఆకు మీద నరాల మధ్య వెండిమచ్చలు చాలా జుకినీ రకాల్లో పుట్టుకతోనే ఉంటాయి. వేలితో రుద్దండి. పొడి అంటితే తెగులు, అంటకపోతే ఆకు స్వభావం. మాకు నిజంగానే వచ్చింది, పగటి పొడి ఎండకూ రాత్రి చలికీ తోడుగా. అడుగు ఆకులు తీయించి, గంధకం నీళ్లలో కలిపి సాయంత్రం పూట పలచగా కొట్టించాను. ఎండలో గంధకం కొడితే ఈ జాతి ఆకులు మాడతాయి.

ఇంతకన్నా భయపెట్టింది వైరస్. లేత ఆకు సన్నబడి, ముడతపడి, కాయ మీద గడ్డలు లేస్తే దానికి మందు లేదు. కనపడ్డ మొక్కను ఆ పొద్దే పీకి గోతిలో పూడ్చాలి. కాయలున్నాయి కదా అని ఆశపడితే పేనుబంక పక్కసాలుకు మోసుకెళ్తుంది.

రెండో విడతను మొదటిదానికి మూడు వారాలు తేడాతో విత్తడం బాగా పనిచేసింది. ఒకేసారి అంతా పెడితే కోత మీదపడి కూలీలు దొరక్క కాయ ముదిరిపోయేది.

ఫిబ్రవరి

ఎండ పెరిగేకొద్దీ మగపూలే ఎక్కువ, పిందె తక్కువ. పండు ఈగ కూడా మొదలైంది. మగ ఈగలను వాసనతో లాగే క్యూ లూర్ ఎరలు కట్టాను, కానీ దెబ్బతిన్న కాయను చేన్లో పడెయ్యకుండా పూడ్చడం అంతకన్నా ముఖ్యం. మూడో విడత విత్తనాలు డబ్బాలోనే ఉంచేశాను. మొత్తం మీద మొక్కకు కిలోన్నర దాకా అమ్మదగిన కాయ దిగింది. ఖర్చులో సగానికి పైగా కూలీలకే పోయింది, పెట్టుబడి పోను కొద్దిగా మిగిలింది. షీటు, డ్రిప్పు ఇంకో పంటకు బతికే ఉన్నాయి కాబట్టి ఆ లెక్క తర్వాత తేలుతుంది.

మళ్లీ గుమ్మడి జాతి వెయ్యకుండా, ఈ వారం మొక్కలు పీకించి, అవే రంధ్రాల్లో గోరుచిక్కుడు పెట్టిస్తున్నాను.