ఆడమ్ ఫాన్ ట్రాట్ ఫైళ్ల వెంట: బెర్లిన్ ఆర్కైవ్‌లో నా అనుభవం

1941 ఏప్రిల్‌లో సుభాష్ చంద్రబోస్ బెర్లిన్ చేరాక ఆయన వ్యవహారాలు జర్మన్ విదేశాంగ శాఖలోని భారత విభాగం చేతికొచ్చాయి. దాన్ని నడిపినవారిలో ముఖ్యుడు, లా చదివిన యువ దౌత్యవేత్త ఆడమ్ ఫాన్ ట్రాట్. హిట్లర్‌ను కూల్చే కుట్రలో ఉన్నందుకు 1944 ఆగస్టు 26న ఆయన్ని ప్లోట్సెన్‌జే జైల్లో ఉరి తీశారు. అప్పటికి 35 ఏళ్లు. ఆయన ఉద్యోగ జీవితం మీద నేను బెర్లిన్‌లో పీజీ థీసిస్ రాశాను. ఆ పని ఎలా సాగిందో, ఇలాంటిది మొదలుపెట్టాలనుకునేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

విదేశాంగ శాఖ ఆర్కైవ్ ఉన్నది పాత రైష్‌బ్యాంక్ (అప్పటి జర్మన్ కేంద్ర బ్యాంకు) భవనంలో. బ్యాంకు ఖజానా గదుల్లోనే ఇప్పుడు ఫైళ్లు ఉంటాయి. నేరుగా వెళ్తే కుదరదు, అంశం రాసి పంపి ముందే తేదీ ఖాయం చేసుకోవాలి. ‘ట్రాట్ గురించి అన్నీ ఇవ్వండి’ అంటే పని కాదు. ఫైళ్లు ఎక్కువగా విభాగాల వారీగా ఉంటాయి కాబట్టి ఆయన ఏ ఏడు ఏ విభాగంలో ఉన్నారో మనమే తేల్చుకుని వెళ్లాలి.

అసలు టెన్షన్ ఫైలు తెరిచాకే. టైపు కాగితాలు పర్వాలేదు. మార్జిన్‌లో పొడి అక్షరాల సంతకాలు, పాత జర్మన్ చేతిరాత చూస్తే మొదట్లో ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆ రాతలో ‘e’, ‘n’ అక్షరాలు దాదాపు ఒకేలా ఉంటాయి. అక్షరాల పట్టిక పక్కన పెట్టుకుని మెల్లగా కూడబలుక్కున్నాను. పెన్సిల్ రంగు కూడా చూడాలి, అక్కడి ఆఫీసుల్లో ఆకుపచ్చ పెన్సిల్ వాడేది మంత్రి ఒక్కడే. బోస్ కోసం వెతికేవాళ్లు ఓర్లాండో మజోట్టా అన్న పేరూ గుర్తుంచుకోవాలి. బెర్లిన్‌లో మొదట ఆయన వాడుకున్నది ఆ ఇటాలియన్ పేరే. ఆయన కార్యదర్శి, జలాంతర్గామిలో వెంట వెళ్లిన ఆబిద్ హసన్ మన హైదరాబాదీ. తర్వాత ఆయనా భారత దౌత్యవేత్త అయ్యారు.

చేతిరాత పట్టుబడ్డాక కూడా నాకు చిక్కు వీడలేదు. ట్రాట్ గొట్టింగెన్‌లో 1931లో న్యాయశాస్త్రంలో డాక్టరేట్ తీసుకున్నారు, రోడ్స్ స్కాలర్‌గా ఆక్స్‌ఫర్డ్‌లో చదివారు, కోర్టు శిక్షణా పూర్తిచేశారు. ప్రతి మాటా తూచి రాసే మనిషి. ప్రాణం మీదికి తెచ్చే సంగతి ఆఫీసు కాగితంలో ఎందుకు పెడతారు? అందుకే ఒక నోట్‌బుక్ తీసుకుని ఎడమ పేజీలో ఆయన సర్కారీ ప్రయాణాలు, కుడి పేజీలో ఇతర ఆధారాల్లో తేలిన రహస్య సంప్రదింపులు తేదీల వారీగా రాసుకుంటూ పోయాను. స్విట్జర్లాండ్, స్వీడన్ ప్రయాణాల దగ్గర రెండు పేజీలూ కలిశాయి. 1942లో ఆయన వినతిపత్రం జెనీవా మీదుగా లండన్‌లో చేరింది ఎవరికో తెలుసా? అప్పుడే మన దేశంలో రాయబారం విఫలమై తిరిగెళ్లిన బ్రిటిష్ మంత్రి స్టాఫర్డ్ క్రిప్స్‌కి. బెర్లిన్‌లో బోస్ పని చూస్తున్న అధికారి, ఇంకోపక్క క్రిప్స్‌కి హిట్లర్ వ్యతిరేకుల మాట చేరవేస్తున్నాడు! థీసిస్‌కి వెన్నెముక నాకు అక్కడే దొరికింది.

ఇప్పుడు 1945కు ముందరి ఫైళ్లు చాలావరకు స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టారు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని కూడా మొదలుపెట్టవచ్చు. పాత చేతిరాత మాత్రం ముందు నేర్చుకోండి.