వాంతి కాదు నాయనా, వికారం

తిరుపతి బస్టాండుకు దగ్గర్లో మాది చిన్న మందుల షాపు. 19 ఏళ్లుగా కౌంటర్లో నేనే కూర్చుంటున్నాను. కొండ దిగి వచ్చినవాళ్లు ఎక్కువగా అడిగేది వాంతుల మాత్ర. 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డే ఇప్పుడు దిగే దారి. దానికి హెయిర్‌పిన్ మలుపులు ఎక్కువ.

అడిగే మాటలు మాత్రం రకరకాలు. ఒకరు "కడుపులో దేవతాంది" అంటారు, చెరువు అడుగున ఉన్నదంతా పైకి దేవినట్టు. ఇంకొకరికి "డోకొస్తాంది". కన్నడంవాళ్ల ఓకరికె, తమిళంవాళ్ల ఓంగాళం మన ఓకరింపుకు చుట్టాలే. మూడు భాషల సరిహద్దులో బతికేవాళ్లం, ఇవి మాకు చెవిన పడుతూనే ఉంటాయి.

పోయిన కార్తీకంలో ఒక సాయంత్రం ఒక అబ్బాయి వచ్చి, "అన్నా, మా అవ్వకి వామిటింగ్, బస్సు పడలేదు, ఒక మాత్ర ఇయ్యన్నా" అన్నాడు. అవ్వ మెట్టు మీద కూర్చుని నిమ్మకాయ వాసన చూస్తోంది.

"వాంతి కాదు నాయనా. రాదు, పోదు. వికారంగా ఉండాది" అంది.

మాత్ర కత్తిరించబోయినవాణ్ణి ఆగిపోయాను. అంత చలిలోనూ ఆమె పై పెదవి మీద చెమట. నిమ్మకాయ పట్టుకున్న చెయ్యి తడిగా మెరుస్తోంది. షుగర్ ఉందా అని అడిగాను. పదేళ్లుగా ఉందట. ఇంకేమన్నా ఉందా అంటే, "దవడ పీకతాంది" అంది. మాత్ర ఇవ్వలేదు. ఆటో పిలిచి, తిన్నగా ఆస్పత్రికే పొమ్మన్నాను. రాత్రి ఆ అబ్బాయి ఫోన్ చేశాడు. గుండెపోటు, సమయానికే తీసుకొచ్చారన్నారట. షుగర్ ఉన్నవాళ్లకు, పెద్దవాళ్లకు, ఆడవాళ్లకు ఛాతీ నొప్పి లేకుండానే ఒక్కోసారి ఇలా చెమటలతో, వికారంతో వస్తుంది.

ఆ రాత్రి ఇంటికెళ్లి నిఘంటువు తీశాను. వికారం సంస్కృతం మాట. ఉన్న తీరు మారిపోవడమని దాని అసలు అర్థం. పాలు పెరుగైతే పెరుగు పాలకు వికారం. మట్టి కుండైతే కుండ మట్టికి వికారం. వైద్యంలోకి వచ్చేసరికి ఆయుర్వేద గ్రంథం రాసిన చరకుడు "వికారో ధాతువైషమ్యం" అన్నాడు. ఒంట్లో ధాతువుల సమతూకం తప్పడమే రోగమని. అంటే ఆయన దగ్గర ఈ మాట మొత్తం జబ్బుకే పేరు. తమిళంలోనూ కన్నడంలోనూ వికారమంటే ఎక్కువగా అందం చెడడమే. మనమూ వికారమైన ముఖం అంటాం గానీ, కడుపుకి కూడా ఆ మాటే వాడుకున్నాం. నాకిది చాలా మంచి పని అనిపిస్తుంది. వాంతి అంటే బయటికి కనబడేది. వికారం లోపల ఏదో మారిందని మనిషికి మాత్రమే తెలిసేది.

వికారానికి డాక్టర్లు చీటీలో రాసే ఇంగ్లీషు మాట నాసియా వేరే దారిన వచ్చింది. గ్రీకులో నౌస్ అంటే ఓడ. ఓడెక్కినవాళ్ల అవస్థకు పెట్టిన పేరది. మన నౌకకూ దానికీ మూలం ఒక్కటే. సముద్రం మీద పుట్టిన ఆ మాట మా ఘాట్ రోడ్డుకూ సరిపోతుంది. అవ్వకు మాత్రం సరిపోదు. ఆమె అసలు కొండే ఎక్కలేదు. పీలేరు నుంచి మనవరాలిని చూడ్డానికి వచ్చింది.

అప్పట్నుంచీ పెద్దవాళ్లెవరు మాత్ర అడిగినా, "వాంతా, వికారమా?" అని అడిగి, ముఖం చూసి ఇస్తున్నాను.

నెల తర్వాత ఆ అబ్బాయి మందుల చీటీతో వచ్చాడు. అవ్వ ఆటోలోనే కూర్చుంది. దగ్గరికెళ్లి "ఎట్లుండావు అవ్వా?" అన్నాను.

"వికారం లేదు నాయనా. కూడే ఇంకా సయించలేదు."