దోమ పొట్టలోని రక్తం, చెట్టు మీది పిట్ట

షికాగో శివార్లలో పరిశోధక విద్యార్థినిగా నేను చేపట్టిన పని, క్యూలెక్స్ పిపియన్స్ దోమలు ఏ పక్షులను ఎక్కువగా కుడుతున్నాయో, వేటిని వదిలేస్తున్నాయో తేల్చడం. 1999లో న్యూయార్క్‌లో బయటపడి అమెరికా అంతటా వ్యాపించిన, దోమకాటుతో మనుషులకూ సోకే వెస్ట్ నైల్ వైరస్ దోమలకూ పక్షులకూ మధ్య తిరుగుతూనే బతుకుతుంది కనుక, ఈ ప్రశ్న మనుషుల ఆరోగ్యానికి కూడా సంబంధించినదే.

అన్నిటికంటే కష్టం రక్తం తాగిన దోమ దొరకడం. కార్బన్ డయాక్సైడ్ వెలువరించే ట్రాపులకు వచ్చేవి ఆకలి మీదున్న దోమలు కాబట్టి వాటి పొట్టలు ఖాళీగా ఉంటాయి. గడ్డి నానబెట్టి పులియనిచ్చిన నీళ్ల ట్రాపులకు గుడ్లు పెట్టబోయే దోమలు వస్తాయి గానీ, అప్పటికి వాటిలో చాలావాటి రక్తం అరిగిపోయి ఉంటుంది. అందుచేత గాలిని పీల్చే యంత్రాన్ని వీపుకు తగిలించుకుని, పొదల్లోనూ తూముల గోడల మీదా కదలకుండా కూర్చున్న దోమలను వెతికి పట్టవలసి వచ్చింది. మైక్రోస్కోపు కింద చూస్తే, కొత్తగా తాగిన దోమ పొట్ట ఎర్రగా ఉబ్బి, చర్మం పగులుతుందేమో అన్నట్టు ఉంటుంది. ఆలస్యమైతే రక్తం నల్లబడి కుంచించుకుపోతుంది, వెనక నుంచి తెల్లటి గుడ్లు ఆ చోటును ఆక్రమిస్తాయి. ఈ రెండో రకం నుంచి పనికివచ్చే డీఎన్‌ఏ రావడం అరుదు.

ప్రయోగశాలలో మాకు కలిసివచ్చే విషయం ఒకటుంది. డీఎన్‌ఏ ఉండే కేంద్రకమూ మైటోకాండ్రియా మనుషుల ఎర్ర రక్తకణాల్లో లేవు, పక్షుల ఎర్ర కణాల్లో ఉంటాయి, అందువల్ల రవ్వంత రక్తమైనా సరిపోతుంది. మైటోకాండ్రియాలోని సైటోక్రోమ్ బి అనే జన్యువులో ఒక భాగాన్ని, డీఎన్‌ఏకు నకళ్లు తీసే పీసీఆర్ పద్ధతితో పెంచి, దాని డీఎన్‌ఏ అక్షరాల వరుసను తెలిసిన పక్షుల వరుసలతో పోల్చితే పక్షి ఏదో తెలుస్తుంది. దోమ రెండు పక్షులను కుట్టి ఉంటే ఆ వరుసను చూపే గ్రాఫులో శిఖరాలు ఒకదానిపై ఒకటి పడతాయి. అలాంటి నమూనాను ఏదో ఒక పక్షికి అంటగట్టకుండా పక్కన పెట్టడమే సరైన పద్ధతి.

అయితే పొట్టల లెక్క ఒక్కటే ఏమీ చెప్పదు. ఆ పరిసరాల్లో ఏ పక్షి ఎంత ఉందో తెలిస్తేనే దోమ దేనినైనా ఎంచుకుంటోందని అనగలం. వాషింగ్టన్ డీసీ పరిసరాల్లో జరిగి 2006లో వెలువడిన అధ్యయనంలో, వేసవి తొలినాళ్లలో ఈ దోమలు తాగిన రక్తంలో దాదాపు సగం అమెరికన్ రాబిన్‌లది. అక్కడి పక్షుల్లో మాత్రం రాబిన్‌ల వాటా ఐదు శాతానికి లోపే. రాబిన్‌లు చెదిరిపోయాక ఆ దోమలే మనుషుల వైపు మళ్లాయి.

ఈ మొగ్గు అంతా రుచి వల్లనే వచ్చిందని నేను అనుకోను. మేము పక్షులను లెక్కపెట్టేది తెల్లవారుజామున, క్యూలెక్స్ కుట్టేది రాత్రి. పగలు పచ్చికలో తిరిగే పిట్ట రాత్రి ఏ కొమ్మ మీద, ఎంత ఎత్తున, ఎందరి మధ్య నిద్రపోతుందన్నది ఉదయపు లెక్కలో కనిపించదు. కుట్టబోతే కాళ్లు విదిలించి తరిమే పక్షికీ, ఊరుకునే పక్షికీ ఉన్న తేడా కూడా అందులోకి రాదు. అందువల్ల ఉదయపు గణనకు తోడుగా, రాబిన్‌లు గుంపులుగా చేరే చెట్లను సంధ్యవేళ గుర్తించి, ఒక్కో చెట్టుకు చేరిన పక్షుల సంఖ్యను విడిగా నమోదు చేయడం మొదలుపెట్టాను.