చెవి పరీక్ష చేసి ‘వయసు’ అని రాసేశారు

ఫ్యాక్టరీలో హెల్త్ చెకప్ గొడవ నిన్నటికి ఒక కొలిక్కి వచ్చింది. కోపం చల్లారకముందే రాస్తున్నాను. 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్లు అమల్లోకి వచ్చాయి కదా, 40 దాటినవాళ్లకి ఏటా ఉచితంగా పరీక్షలు చేయించాలి. నాకు 56. జీడిమెట్లలో పవర్ ప్రెస్ (రేకుల్ని అచ్చుకొట్టే మెషిన్) మీద పని.

బీపీ, షుగర్, ఎక్స్‌రే, కళ్లు ఇట్టే అయిపోయాయి.

చెవుల దగ్గరే వచ్చింది తంటా. చప్పుడు చొరబడని గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్‌లో కూత వినబడినప్పుడల్లా బటన్ నొక్కించాలి. మాకు గదీ లేదు గిదీ లేదు. క్యాంటీన్‌లో ఓ మూల కుర్చీ వేశారు. ఇటు గిన్నెలు కడిగే చప్పుడు, గోడవతల కంప్రెసర్ మోత. పైగా నేను నైట్ షిఫ్ట్ దిగి నేరుగా వచ్చాను, చెవుల్లో ప్రెస్ ఇంకా మోగుతూనే ఉంది. ‘తాతా, వినబడితేనే నొక్కు, ఊరికే నొక్కకు’ అని టెక్నీషియన్ అరిచాడు. లైన్లో ఉన్న కుర్రాళ్లు ఒకటే నవ్వు. వాళ్లలో సగం మందికి పని నేర్పింది నేనే. ప్రెస్‌లో ఉండే అచ్చు, అదే డై, మొద్దుబారితే చప్పుడుని బట్టి ముందుగా పసిగట్టేదీ ఇప్పటికీ నేనే.

రిపోర్టులో ‘వయసు రీత్యా వినికిడి లోపం’ అని రాశారు. హెచ్ఆర్ అబ్బాయి పిలిచి, ‘అంకుల్, మీ మంచికే, ప్యాకింగ్‌కి మారండి’ అన్నాడు. ప్యాకింగ్‌లో ఓటీ (ఓవర్‌టైమ్) లేదు, ఇన్సెంటివ్ లేదు. నా మంచి అంత పట్టినవాళ్లు ఇన్నేళ్లూ దూది తప్ప ఇయర్ మఫ్ ఎందుకివ్వలేదు? చెవి పరీక్ష గ్రాఫ్ కాపీ అడిగితే కంపెనీ ఫైల్ అన్నాడు. మా యూనియన్ లీడరేమో మేడే నాడు తప్ప దొరకడు.

సెలవు పెట్టి, చెవులకి విశ్రాంతినిచ్చి, కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రికి వెళ్లాను. క్యూ పెద్దదే కానీ గది ఉంది. డాక్టరమ్మ గ్రాఫ్ చూపించింది. గీత దిగితే వినికిడి తగ్గినట్టు. 4000 హెర్ట్జ్ (కూత ఎంత సన్నగా ఉందో చెప్పే కొలత) దగ్గర గీత గుంటలా దిగి, 8000 దగ్గర మళ్లీ లేచింది. వయసు ఒక్కటే కారణమైతే చివరిదాకా జారుతూనే పోతుందట. వయసు వాటా కొంత ఉన్నా, ఎక్కువ దెబ్బ మోతదే అంది.

శబ్దం వల్ల వచ్చే చెవుడు చట్టంలోని వృత్తి వ్యాధుల జాబితాలో ఉంది. అలా తేలితే ప్రభుత్వానికి తెలియజేయాలి. ‘వయసు’ అని రాస్తే ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. ఆ ఒక్క మాటకి ఇంత కథ!

మీకూ ఈ పరీక్ష ఉంటే వీక్లీ ఆఫ్ మర్నాడు, షిఫ్ట్ ఎక్కకముందే చేయమనండి. అంతకుముందు 14 గంటలైనా మోతకి దూరంగా ఉండాలి. గ్రాఫ్‌ని అక్కడే ఫోన్‌లో ఫొటో తీసుకోండి, తర్వాత ఇవ్వరు. ఏ కాగితం ఇచ్చినా అందినట్టు స్టాంపు వేయించుకోండి.

ఆ కొత్త రిపోర్టు జతచేసి లెటర్ ఇచ్చాక దిగొచ్చారు. జీతం తగ్గకుండా నన్ను టూల్ రూమ్‌కి మారుస్తారట, ప్రెస్ షాపు మొత్తానికీ ఇయర్ మఫ్‌లు తెప్పిస్తారట. రిజిస్టర్‌లో ‘వయసు’ మాత్రం అలాగే ఉంది, కంపెనీ డాక్టరు సెలవులో ఉన్నాడని చెబుతున్నారు. అది దిద్దేదాకా నేను సంతకం పెట్టను.