పాండవుల గుట్ట మీద జాజు

రాళ్ల మీద పాతకాలం బొమ్మలు ఉన్నయంటే చూద్దామని పోయిన. రేగొండల బస్సు దిగి పాండవుల గుట్ట అనంగనే ఆటో అన్న నాలుగు వందలు అన్నడు. నాకు తిక్క లేచింది. హనుమకొండ నుంచి పరకాల మీదుగ ఇంతదూరం వస్తే బస్సుకు వంద కూడా కాలే, ఈ ముక్కంత దూరానికి నాలుగు వందలా? తప్పు నాదే అనుకోండి, అదే భూపాలపల్లి బస్సుల ఇంకొంచెం ముందుకు పోయి రోడ్డు మీద దిగి నడిస్తే అయిపోయేది, ఎక్కడ దిగాల్నో తెల్వక రేగొండ అనంగనే దిగేసిన. చివరికి రెండున్నర వందలకు ఒప్పుకున్నడు గానీ తొవ్వంతా ఒకటే మాట, "ఆడ ఏముందన్నా, రాళ్లే గద". రాళ్లు చూడనీకి రెండున్నర వందలు పెట్టినోడి మొహం దిక్కు అద్దంల చూసుకుంట నవ్వుడు.

బస్సు సంగతి ఎక్కువ చెప్ప. 2023 డిసెంబర్ నుంచి ఆడోళ్లకు ఫ్రీ అయినకాన్నుంచి ఈ రూట్ల బస్సులు ఎట్లుంటున్నయో మీకు తెలుసు. పైసలు కట్టినోన్ని పరకాల దాకా ఒంటికాలు మీద నిలబడ్డ, జీరో టికెట్ పెద్దమ్మ ఒకామె జాలిపడి "సంచి ఇటియ్యి బిడ్డా" అని నా బ్యాగు ఒళ్లె పెట్టుకున్నది. అందుల సకినాలుంటయని చెప్పలే, దిగేటప్పుడు చూస్తే సగం పొడి.

దసరా అయి నాలుగు రోజులైంది. ఆటో దిగి మట్టిబాట పడంగనే రెండు దిక్కుల తంగేడు, మధ్య మధ్యల తెల్లగ గునుగు. సద్దుల బతుకమ్మ నాడు హనుమకొండల పిడికెడు తంగేడు యాభై రూపాయలకు కొన్న, అదీ వాడిపోయింది. ఇక్కడ చూస్తే గొర్లు మేకలు కూడా ముట్టట్లే, ఊరికే పూసి రాలిపోతున్నది. నిలబడి కాసేపు లెక్కేసుకున్న ఎన్ని యాభైలు ఉన్నయో.

మా హనుమకొండ దిక్కు గుట్టలంటే నున్నటి గుండ్లు, ఒకదాని మీద ఒకటి ఎవరో పెట్టిపోయినట్టు, గ్రానైటు. ఇవి అట్ల కాదు. ఇసుకరాయి, పొరలు పొరలుగ, అట్లు పోసి ఒకదాని మీదొకటి వేసినట్టు ఉంటది, చెయ్యి పెట్టి రాస్తే అరచేతికి ఇసుక అంటుతది. హిమాలయాల కన్నా ముందు పుట్టిన రాళ్లట ఇవి. పైకి చూస్తే మెడ నొస్తది, నిట్టనిలువు గోడలు, అందుకే రాక్ క్లైంబింగ్ చేసేటోళ్లు వస్తుంటరు. నేను మాత్రం మెల్లగ పక్కనుంచి చెట్లు పట్టుకుంట ఎక్కిన, అరగంటల తొవ్వ తప్పిన. తప్పినట్టు కూడా తెల్వలే, ఒక తుమ్మ ముల్లు చెప్పులకెళ్లి లోపలికి దిగేదాకా. కూసోని ముల్లు తీస్కుంటుంటే పైనుంచి "అటెటు పోతవ్, అది మ్యాకల తొవ్వ" అని ఎవరో కేకేసిండ్రు.

చూస్తే ఒక తాత. భుజం మీద గొంగడి, చేతిల దోటి, మొలకు చిన్న గొడ్డలి, ముప్పై నలభై మేకలు. బొమ్మలు చూడనీకి వచ్చిన తాతా అంటే "మ్యాకల ఎంట రా మరి" అన్నడు. అట్ల నేను ఆయన వెనక, మేకల వెనక ఎక్కుడు. మధ్యల ఒక కొమ్మ వంచి "పట్టుకో" అని నా చేతికిచ్చిండు, మేకలు ఆకు తినేదాకా నేను కొమ్మ పట్టుకోని నిలబడ్డ. ఆటో ఆయనకు రెండున్నర వందలిచ్చి ఇక్కడ ఉత్తగ పని చేస్తున్న అని నవ్వొచ్చింది.

ఆయన తీస్కపోయిన జాగ పెద్ద గుహ ఏం కాదు, పైన రాయి ముందుకు చూరు లెక్క వచ్చి కింద నీడున్నది, అంతే. నేల మీదంత మేక పెంటికలు. వాన పడితే మందను తోలేది ఈడికేనంట. గోడకు బొమ్మలు ఏవి అని నేను ఎత్తుల వెతుకుతుంటే దోటితోని చూపించిండు. నా మోకాళ్ల ఎత్తుల ఉన్నది. జానెడు కూడా లేదు, కొమ్ములున్న జంతువు, అడవిదున్న కావచ్చు, మెడ వంచి ఉన్నది, వీపు మీద గీత ఒక్కటే ఊపుల గీసినట్టు, వెనక కాళ్లు మాసిపోయినయి. ఎరుపు. రాయి మీద పూసినట్టు లేదు, రాయిలకు ఇంకినట్టున్నది. ఈ గుట్ట బొమ్మల సంగతి బయటి లోకానికి తెలిసింది 1990ల, జింకలు, పులులు, విల్లంబులు, గుండ్రాలు, చదరాలు, తెలుపు, పసుపు, ఆకుపచ్చ కూడా ఉన్నయి. కొన్ని మధ్య రాతియుగం నాటివి అంటరు. ఇవన్నీ చదువుకోనే పోయిన. కానీ ఆ ఎరుపు చూడంగనే నాకు ఇది ఎక్కడనో చూసిన రంగే అనిపించింది, ఎక్కడనో గుర్తు రాలే.

"జాజే గద అది" అన్నడు తాత.

నేను నమ్మలేదని మొహం మీదనే కనపడ్డట్టుంది. వంగి నేల మీదకెళ్లి ఎర్రటి రాయిముక్క ఒకటి ఏరి, పక్కకున్న బండ మీద నా బాటిల్ల నీళ్లు రెండు చుక్కలు పోసి గంధం తీసినట్టు రుద్దిండు. గోరంత ఎర్రటి ముద్ద అయ్యింది. దాన్ని వేలుతోని తీసి నా అరచేతి మీద ఒక్క గీత గీసిండు. గోడ మీదున్నదీ, నా చేతిల ఉన్నదీ ఒకటే రంగు.

నర్సంపేట దిక్కు మా అమ్మమ్మ వాళ్ల ఇల్లు మట్టిగోడలది. దసరాకు ముందు జాజు రాళ్లు, అదే ఎర్రమట్టి రాళ్లు, తెచ్చి రాత్రి కుండల నానబెట్టేది, పొద్దుగాల గుడ్డపేలికతోని గోడ కిందిభాగం, అరుగంచులు పూసేది, పైన సున్నం. ఒక ఏడు నేను ఆ కుండల కాలు పెట్టి సున్నమేసిన అరుగు మీద ఆ చివర నుంచి ఈ చివరికి ఉరికిన. చీపురు తిరగేసి పిక్కల మీద ఒక్కటి ఇచ్చింది, ఇప్పటికీ యాదికున్నది. ఆ జాగల ఇప్పుడు మామ బిల్డింగ్ కట్టిండు, టైల్స్.

ఆ దున్న బొమ్మకు జానెడు పక్కనే తెల్ల ఆయిల్ పెయింటుతోని ఎవడో పేరు, లవ్ గుర్తు, ఇంకో పేరు. తిట్టాలనిపించింది, తిట్టిన కూడా. తర్వాత యాదికొచ్చింది ఇంటర్ల ఉన్నప్పుడు మా దోస్తుగాడు పద్మాక్షి గుట్ట మీద బొగ్గుతోని పేరు రాస్తుంటే నేను ఎవలన్నా వస్తున్నరా అని కాపలా ఉన్న. ఇగ గట్టిగ తిట్టలే.

పాండవుల బొమ్మలు ఉన్న జాగలు వేరే, ఎదురు పాండవులు అంటరు, గొంతెమ్మ గుహ ఇంకోటి. అవి రాతియుగం అంత పాతవి కావు, జనం మొక్కేది మాత్రం వాటికే. అన్నీ చూపెట్టు తాతా అని బతిమాలిన. "గొంతెమ్మ కోర్కెలు కోరకు బిడ్డా, ఒంటిగంటకు మ్యాకలను నీళ్లకు తోలాలె" అన్నడు. కుంతినే గొంతెమ్మ అంటరు గద ఇక్కడ, ఆ గుట్ట మీద కూసోని ఆ మాట అనేసరికి నాకు నవ్వు ఆగలే, ఆయనకు ఏం నవ్వు రాలే, మామూలుగనే అన్నడు. ఆ గుహ చూడకుంటనే దిగిన.

దిగే ముందు ఇద్దరం సకినాల పొడి తిన్నం. ఆయన పక్క చెట్టు నుంచి కండ్లు విచ్చిన సీతాఫలం ఒకటి దోటితోని తెంపిండు, ఇది ఇయ్యాల తినొద్దు, ఎల్లుండి పండుతది అని చేతుల పెట్టిండు. వంద రూపాయలు ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నడు. మరేం కావాలె అంటే నా ప్లాస్టిక్ బాటిల్ అడిగిండు, మూత గట్టిగున్నదని. ఇరవై రూపాయల బాటిల్. నీళ్లు పారబోయకుంటనే ఇచ్చేసిన.

తిరిగొచ్చేటప్పుడు ఆటో మాట్లాడలే, రోడ్డు దాకా నడిచి చెయ్యెత్తితే బస్సు ఆగింది. మళ్లీ నిలబడుడే. రాడ్ పట్టుకుంటే అరచేతిల గీత ఇంకా అట్లనే ఉన్నది, చెమటకు కూడా పోలే. పరకాల దాటినంక అమ్మకు ఫోన్ చేసి, అమ్మమ్మ జాజు ఎక్కడినుంచి తెచ్చేది అమ్మా అని అడిగిన. "అంగట్ల కొనేది రా, ఇప్పుడెందుకది, గడపలకు నిరుడే పెయింట్ ఏయించినం గద" అన్నది. గుట్ట సంగతి, దున్న సంగతి, తాత సంగతి మొత్తం చెప్పిన, బస్సుల అందరు నా మొహమే చూస్తున్నరు. అంతా విని అమ్మ అడిగింది ఒక్కటే.

"గుట్టకు పోయి ఒక్కటే సీతాఫలం తెచ్చినవా?"